ప్రతీకలు రాజకీయము కావా?

అమెరికాలో వర్ణభేదమును, మన దేశమున కులమును, ఉభయత్ర స్త్రీపురుష భేదమును నిలిపియుంచు ప్రతీకలను పరిశోధనాంశముగా ఎన్నుకొన్న యువ రాజనీతి పరిశోధకురాలికి మన విద్యాపీఠములలో పెద్దలు చెప్పు హితవొకటి కలదు: విగ్రహములు, పేర్లు, శిలాఫలకములు పైపై మెరుగులు, రాజకీయమనగా ఓట్లు, నీరు, భూమి, నిధులు, వానిని పట్టుకొమ్ము, ఉద్యోగము వచ్చును. ఈ హితవు తప్పు. తప్పనుటకు నాగార్జునసాగర్ ఆనకట్ట వెలసిన నందికొండ యొక్కటి చాలును.

మన మెట్టసీమలో నీటిని మించిన రాజకీయము లేదు. ఆ నీటికై 1955 డిసెంబరు 10న ఇచట శంకుస్థాపన గావించిన నెహ్రూ ఆనకట్టను దేవాలయముగా అభివర్ణించిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచిరి. కుడికాలువకు జవాహర్ పేరు, ఎడమకాలువకు లాల్‌బహదూర్ పేరు పెట్టిరి. యంత్రములకంటె మనుష్యుల రెక్కలపైననే ఎక్కువగా ఆధారపడి లేచిన ఆ రాతికట్టడమునకై, తలపై చుట్టకుదురు పెట్టుకొని, నిండు తట్టలతో ఎండలో పరంజాలెక్కిన ఆడకూలీల పేరు ఏ కాలువకు పెట్టితిమి? కూలి ముట్టినది గదా యందురు. ముట్టినది. కాని ఎవరి శ్రమ చరిత్రలోనికెక్కును, ఎవరి శ్రమ మస్టరు పుస్తకముతోనే ముగియును అను నిర్ణయము నీటి పంపకమువలెనే అధికారపు పంపకము.

ఇదే లోయలో క్రీస్తుశకము మూడవ శతాబ్దమున, ఇక్ష్వాకు రాజైన చాంతమూలుడు అశ్వమేధాది వైదిక క్రతువులతో ఖ్యాతి గడించగా, అతని సోదరి చాంతిసిరి బౌద్ధుల మహాచైత్యమునకు పోషకురాలై, ఆయక స్తంభములపై ప్రాకృతమున తన పేరు చెక్కించెను. ఆ పేరు నేటికిని చదువవచ్చును. ఆమె రాజవంశపు స్త్రీ, నిజమే. స్త్రీయగుట యొక్కటే పేరునకు అడ్డుకాదనియు, కులమును సంపదయు తోడై ఆ లెక్క తేల్చుననియు, ఆ స్తంభమును నెహ్రూ శంకుస్థాపన ఫలకమును పక్కపక్కన నుంచి చదివినవారికి బోధపడును.

అమెరికాలోని రిచ్మండు నగరమున, అంతర్యుద్ధమున బానిసత్వపక్షమున పోరిన లీ సేనాని విగ్రహమును 1890లో నెలకొల్పినది యుద్ధము ముగిసిన పాతికేండ్లకు, దక్షిణ రాష్ట్రములు నల్లవారి ఓటుహక్కును హరించుచున్న కాలమున. 2021లో దానిని దించుటకు మహోద్యమమే కావలసివచ్చెను. వట్టి కంచుబొమ్మయే ఐనచో అంత పెనుగులాట యేల?

విగ్రహము నిలిపి నిధులెగవేయు ప్రభుత్వములు లేవా యందురేని, ఉన్నవి. ఆ ఎత్తుగడను పట్టి చూపగలవారు ఈ పరిశోధకులే.

నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయమున్నది, మహబూబ్‌నగరమున పాలమూరు విశ్వవిద్యాలయమున్నది. నాడు తట్టలు మోసిన స్త్రీలలో బ్రతికియున్నవారు ఎనుబదికి చేరువైనవారు, దాటినవారు. ఆచార్యులారా, మీ విద్యార్థినులను ఓట్ల పట్టికలవైపు మరలించుట మాని, ఆ స్త్రీల పేర్లు వ్రాసికొని రమ్మని ఈ యేడే పంపుడు.