గ్రామ న్యాయాలయముల యధికార పరిధి

పల్లెటూరి వ్యాజ్యమును పల్లెటూరనే విచారింపవలెనను నాలోచన క్రొత్తది కాదు. 1816వ సంవత్సరపు నాలుగవ రెగ్యులేషను చెన్నపురి రాజధానియందలి గ్రామ మునసబునకు 10 రూపాయలకు మించని దావాలను విచారించు నధికారము నొసఁగెను. అదియు రొక్కమునకును జరసొత్తునకును మాత్రమే. పల్లెయందలి కలహములలో ముఖ్యమైనవి భూమినిగూర్చియు నీటినిగూర్చియు నుండఁగా, మునసబు చేతికి చెంబులు, తపేలాల తగవులు చిక్కెను. ఆ మునసబు పదవియు నాంధ్రప్రదేశమున 1984లో రద్దయినది.

పార్లమెంటు 2008లో చేసిన గ్రామ న్యాయాలయముల చట్టము 2009 అక్టోబరు 2వ తేదీ నుండి యమలులోనికి వచ్చినది. దాని రెండవ షెడ్యూలు మా పాఠకులు శ్రద్ధగాఁ జదువఁదగినది. కాలువనీటి వంతులు, బావినుండి నీరు తోడుకొను హక్కు, ఉమ్మడి పచ్చిక బీళ్ల వాడుక, పొలములలోని యిండ్ల స్వాధీనము, పొత్తు సేద్యపు పేచీలు, వడ్డీ బాకీలు, కూలివారి కనీస వేతనములు, ఇవి యన్నియు నందు గలవు. నేరములలో రెండేండ్లకు మించని శిక్షగలవియు, 20,000 రూపాయలకు మించని సొత్తు దొంగతనములును జేరినవి. దావా రుసుము 100 రూపాయలు దాఁటరాదు. ఆఱు మాసములలోఁ దీర్పు చెప్పవలెను. న్యాయాధికారి గ్రామములకుఁ బోయి విచారింపవలెను. తీర్పు సాధ్యమైనంతవఱకు నాంగ్లమునఁ గాక రాష్ట్ర భాషయందుండవలెను.

భూవసతిగల మా పాఠకులలోఁ గొందఱకు వేతనముల వ్యాజ్యము గ్రామమునకే వచ్చుట రుచింపకపోవచ్చును. కాని కాలువ చివరి రైతునకు దగ్గఱయైన న్యాయస్థానము కూలివానికిని దగ్గఱగనే యుండును. ఒకటి కావలెను, రెండవది వలదనుట చెల్లదు.

చట్టమున లోపములు లేకపోలేదు. 1986లో లా కమిషను తన 114వ నివేదికయందు న్యాయాధికారితోఁబాటు ఇద్దఱు సామాన్యులును గూర్చుండవలెనని సూచించెను. చట్టము వారిని విడిచినది. సాక్ష్యచట్టపు నియమములకుఁ గట్టుపడనక్కఱలేదని యొకవైపు సడలించి, వంతుల యాచారము నెఱిఁగినవారిని మఱియొకవైపు దూరముచేయుట మాకు సమంజసముగఁ దోఁచదు. మఱియు, బావినీటి హక్కు తగవు తవ్విచూచిన ననేక పర్యాయములు బావియున్న చెక్క యెవరిదను తగవే యగును. అచ్చట పరిధి యెంతవఱకను ప్రశ్నతోనే కొన్ని మాసములు గడువవచ్చును.

ఇంతకంటెఁ బెద్ద చిక్కు మూడవ సెక్షనులో నున్నది. హైకోర్టును సంప్రదించి రాష్ట్ర ప్రభుత్వము న్యాయాలయములను స్థాపింపవచ్చునని యందుఁ గలదు. స్థాపించి తీరవలెనని లేదు. స్థాపించుటకు కేంద్రము తొలి వ్యయమునకు 18 లక్షల రూపాయలవఱకు నిచ్చెదనన్నను, పెక్కు రాష్ట్రములు కదలలేదు. తుదకు 2020లో సుప్రీంకోర్టు రాష్ట్రములకు గడువు విధింపవలసి వచ్చెను. న్యాయాలయమే లేనిచోట షెడ్యూలెంత విశాలమైనను రైతు బస్సెక్కి పట్టణపు కోర్టునకే పోవలెను గదా.

దావాల మొత్తపు పరిమితిని హైకోర్టులు ప్రభుత్వముతో సంప్రదించి నిర్ణయింపవలెనని చట్టము చెప్పుచున్నది. బాకీకి రూపాయల హద్దు పెట్టుట సులభము. వారమునకు రెండు జాముల నీటి వంతునకు వెల యెట్లు కట్టెదరు? ఎండిన పైరు విలువనా, పొలము విలువనా లెక్కింతురు? పొలము విలువయే కొలతయైనచో నీటి తగవులలో నధికభాగము తిరిగి పట్టణమునకే పోవును. కావున హద్దు నిర్ణయించు ప్రకటనలోనే యీ లెక్కకు విధానమును హైకోర్టులు స్పష్టపఱుపవలెనని కోరుచున్నాము.