మృతబాలికకు మన ఋణము

యౌవనము తొంగిచూచు వయస్సున నొక బాలిక వ్యాధిచే మరణించినప్పుడు మన యిండ్లలో వినవచ్చు మాటలు రెండే. "దాని రాత యట్లున్నది" యనునది మొదటిది. "ఆయువు అంతవఱకే" యనునది రెండవది. ఇవి యోదార్పుకొఱకు పుట్టిన మాటలే. కాని యవి చేయుచున్న పని వేఱు. ఏ రోగము వచ్చినది? ఎప్పుడు తెలిసినది? ఎన్ని దినము లుపేక్షింపబడినది? వైద్యము నడుమ నేల మానబడినది? ఈ ప్రశ్నల నవి పుట్టకమునుపే నొక్కివేయుచున్నవి. పటమునకు పూలదండ వేసి, సంవత్సరీకము పెట్టి, ఋణము తీరినదనుకొనుచున్నాము. అది తీరలేదు.

2017 మే నెలలో విజయవాడలో పదుమూడేండ్ల బాలిక యొకతె క్యాన్సరుచే మరణించినది. తన్ను బ్రదికింపుమని తండ్రిని వేడుకొనుచు నామె సెల్‌ఫోనులో పలికిన మాటలు, ఆమె పోయిన పిదప తెలుగునాట నింటింట వినబడినవి. ఆ కుటుంబములోని తగవునకు తీర్పు చెప్పు నధికారము మనకు లేదు. మన మడుగవలసినది మన యిండ్లను గూర్చియే. ఆ మాటలు విని కంటనీరు పెట్టిన గృహస్థులలో ఎందఱు తమ కూతురి విడువని జ్వరమును గూర్చి మఱునాడు విచారించిరి? దూరముననున్న బిడ్డకై యేడ్చుట సులభము. ఇంటనున్న బిడ్డకై యొక దినపు కూలి మానుకొనుట కష్టము.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలనే చూడుడు. కూతురి పెండ్లికై రెండెకరములు తాకట్టు పెట్టిన తండ్రిని ఊరిలో నెవ్వరును తప్పుపట్టరు, పైగా ధర్మాత్ముడందురు. ఆ రెండెకరములే కూతురి వైద్యమునకై తాకట్టు పెట్టినచో, "ఆడుపిల్లకు ఇంత పెట్టుదురా? ఎట్లును పరాయి యింటికి పోవలసినదే గదా" యని బంధువులే యందురు. పట్టుచీరకు వెనుదీయని చేయి రక్తపరీక్షకు వెనుదీయుచున్నది. గద్వాల ప్రాంతపు విత్తనప్రత్తి చేలలో ఎన్నో యేండ్లుగా బడియీడు బాలికలు వంగి పూవు పూవునకు పుప్పొడి యంటించిరి. ఆ పని నడచు దినములలో ఆడుపిల్ల జ్వరమునకు లెక్కయేమున్నది? తల్లిదండ్రులు దూరదేశమునకు వలసపోయినప్పుడు అవ్వయొద్ద మిగిలిన పిల్ల పాలిపోవుట నెవరు గమనింతురు?

"పేదవాడేమి చేయగలడు?" అని కొందఱు ప్రశ్నింతురు. పేదఱికము నిజమే. కాని యొకే యింటిలో కొడుకునకును కూతునకును పేదఱిక మొక్కటియే గదా! మన దేశపు ఆసుపత్రుల లెక్కలను పరిశీలించి 2022లో వైద్యపండితులు ప్రకటించిన వ్యాసములో, క్యాన్సరుతో వైద్యమునకు వచ్చు పిల్లలలో బాలురు బాలికలకంటె చాల నధికులని తేలినది. రోగము బాలుర యందు కొంత యెక్కువ యగుట నిజమే. కాని యా కొంతచేతనే యింత యంతరము పొసగదు. రాని బాలికలు ఇండ్లలోనే యుండిపోయిరి. దీనికి రాత యని పేరు పెట్టుట యన్యాయము.

"దారి లేదు" అను మాటయు నిపుడు పూర్తిగా చెల్లదు. ఆరోగ్యశ్రీ పథకము 2007 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు, మొదట నెన్నుకొనబడిన మూడు జిల్లాలలో మన మహబూబ్‌నగర మొకటి. 2016లో ఆ జిల్లా విభాగమై ఈ మూడు పట్టణములును జిల్లా కేంద్రములైనవి. 2023 డిసెంబరులో తెలంగాణలో ఆ పథకపు పరిమితి పది లక్షల రూపాయలకు పెంచబడినది. వనపర్తిలోను నాగర్‌కర్నూలులోను 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. హైదరాబాదులో క్యాన్సరునకు ఎం.ఎన్.జె. ప్రభుత్వాసుపత్రి యున్నది. అయినను ప్రభుత్వము తన పని ముగిసినదనుకొనరాదు. పథకము మందునకు వెల యిచ్చును గాని, రెండుమూడేండ్లు తల్లి పోగొట్టుకొను కూలి నీయదు. వైద్యము నడుమ మానబడుట కిది ముఖ్యకారణము. దీనిని తీర్చని పాలకులును ఆ మరణములో భాగస్వాములే.

మృతులను స్మరించుట యెట్లో మన తెలుగువాడే యొకడు చూపినాడు. భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు, తన సోదరు లిద్దఱు స్ప్రూ యను గ్రహణిరోగముచే మరణింపగా, రాత యని యూరకుండలేదు. అమెరికాలో నాయన నడపిన పరిశోధకబృందము, ఆ రోగమున కుపకరించు ఫోలిక్ ఆమ్లమును తయారుచేసెను. దానికి ప్రతికూలముగ పనిచేయు అమినోప్టెరిన్ అను మందును గూడ నిర్మించెను. ఆ మందుతో రక్తక్యాన్సరు సోకిన పిల్లలకు తాత్కాలికముగ నైనను ఉపశమనము కలుగుట 1948లో సిడ్నీ ఫార్బరు ప్రకటించెను. ఆ యేడే సుబ్బారావు మరణించెను. ఆ జాతి మందే యగు మెథోట్రెక్సేటు నేటికిని ఆ చికిత్సలో నున్నది. పిల్లలకు తఱచుగా వచ్చు లింఫోబ్లాస్టిక్ రక్తక్యాన్సరునుండి సంపన్నదేశములలో 100 మందికి 80 మందికి పైగా నిపుడు బ్రదుకుచున్నారు. తెలుగువాడు మార్గము చూపిన వైద్యము తెలుగుబాలికకు దక్కకపోవుటకంటె సిగ్గుచేటు గలదా?

సోదరీమణులారా, చేయవలసిన పనులు మీ చేతిలోనివే. విడువని జ్వరము, పాలిపోవుట, కారణములేక యొడలు కమలుట, చిగుళ్ల రక్తము, మెడ గడ్డలు, ఎముకల నొప్పి కనబడినచో తాయెత్తుతో దినములు గడపకుడు. సామాన్యమైన రక్తపరీక్షయే తఱచుగా మొదటి యనుమానమును తెలుపును. జ్వరము తగ్గినదని చికిత్స మానకుడు. చెల్లెలి సంబంధము చెడునని రోగము పేరు దాచకుడు. అది యంటురోగము కాదు. మంచముననున్న పిల్లతో నిజము మాటాడుడు. పదుమూడేండ్ల బిడ్డకు తన ప్రాణమును గూర్చి అడుగు హక్కు కలదు.

ఇక సంస్మరణము. పటముక్రింద పుట్టిన తేదీయు పోయిన తేదీయు వ్రాయుచున్నాము. వానితోబాటు రోగము పేరును, వైద్యము మొదలైన తేదీయు, అది నిలిచిన కారణమును గూడ వ్రాయుదము. సంవత్సరీకపు విందునకగు సొమ్ము మఱియొక యింటి రోగిబాలిక తల్లికి బస్సుఖర్చుగా నిత్తము. అంతవఱకు మన కన్నీరు మృతబాలికకు చెల్లించిన ఋణము కానేరదు.