సామాను బయటికి వెళ్లే దారేది?

పండగకు ముందు ఇల్లు దులిపే రోజులు వచ్చాయంటే ఒక సలహా తప్పకుండా చెవిన పడుతుంది: ఏడాదిగా ముట్టుకోని వస్తువును మొహమాటం లేకుండా పారేయండి. ఆదివారం అనుబంధాలు, యూట్యూబ్ చానళ్లు, ఇంటీరియర్ డిజైనర్లు అందరిదీ అదే పాట. మనసుకు సంతోషం కలిగించని వస్తువుకు ధన్యవాదాలు చెప్పి సాగనంపమన్న జపాన్ రచయిత్రి మేరీ కోండో పుస్తకం చదివో, 2019లో వచ్చిన ఆమె నెట్‌ఫ్లిక్స్ కార్యక్రమం చూసో మన నగరాల్లోనూ అల్మరాలు ఖాళీ చేసినవాళ్లున్నారు. (ముగ్గురు పిల్లలయ్యాక ఇల్లు సర్దడంలో మునుపటి పట్టుదల వదిలేశానని 2023లో ఆమే చెప్పింది. అది వేరే సంగతి.) ఈ సలహాలన్నిటి అడుగునా ఒక తీర్పు దాగి ఉంది. ఇంట్లో సామాను పేరుకుందంటే ఆ ఇంటివాళ్లలోనే ఏదో లోపం ఉందని, అది పిసినారితనమో, అతి మమకారమో, బద్ధకమో అని. ఆ లోపం కూడా ఎప్పుడూ ఇల్లాలి ఖాతాలోనే పడుతుంది. మన అటకల మీదా మంచాల కిందా నిజంగా ఏముందో లెక్క తీస్తే ఈ తీర్పు నిలవదు. వస్తువును పారేయడం మన ఇళ్లలో ఏనాడూ పెద్ద అలవాటు కాదు. అది ఇంకొకరి చేతికో, ఇంకో రూపంలోకో వెళ్లేది. అలా వెళ్లే దారులు ఒక్కొక్కటే మూసుకుపోయాయి, వచ్చే దారి మాత్రం రోజురోజుకూ వెడల్పవుతోంది.

నూలు చీర కట్టి కట్టి మెత్తబడితే పసిబిడ్డకు ఉయ్యాలయ్యేది. నాలుగైదు పోగైతే బొంత కుట్టేవారు, బొంత చిరిగితే మసిగుడ్డలయ్యేవి. ఇత్తడి బిందెకు చిల్లి పడితే మాటు వేయించేవారు, గిన్నెలకు కళాయి పోయించేవారు, మరీ పల్చబడితే తూకానికి వేసి పైన కొంత డబ్బు కట్టి కొత్తది తెచ్చుకునేవారు. స్టీలు వచ్చాక వీధిలో కొత్త కేక మొదలైంది: పాత బట్టలకు స్టీలు సామాన్లు! ఆ బేరం ఎంత నిక్కచ్చిగా సాగేదో చూసినవాళ్లకు తెలుసు. గంప దించిన ఆవిడ జరీ అంచు చీరలు ఒకవైపు, నూలు పంచెలు ఒకవైపు, ప్యాంట్లు ఒకవైపు వేరుచేసేది. ప్యాంటును వెలుతురుకు ఎత్తి మోకాళ్ల దగ్గర పల్చబడిందేమో చూసేది, చొక్కా కాలరు తిప్పి చూసేది. ఇంటావిడ బేసిన్ అడిగితే ఆమె చిన్న గిన్నె ముందుకు జరిపేది. ఇంకో చీర పడితే గిన్నెకు మూత వచ్చేది. ఇనప ముక్కలకు, విరిగిన ప్లాస్టిక్ బక్కెట్లకు ఉల్లిపాయలు, పిల్లలకైతే పీచుమిఠాయి. దువ్వెనలో రాలిన జుట్టుకు కూడా కొనేవాళ్లుండేవారు. దీన్ని చూసి పూర్వీకుల పర్యావరణ స్పృహ అని మురిసిపోనక్కర్లేదు. కొరత అలా నడిపించింది, ఆ గంప మోసినవాళ్ల పేదరికం నడిపించింది. అయినా ఒక్క మాట నిజం. ఇంట్లోకి వచ్చిన ప్రతి వస్తువుకూ దాన్ని తీసుకునే మనిషి ఒకరు ఎక్కడో ఉండేవారు.

ఇప్పటికీ ఉన్నారు కదా, ఆటోలో రికార్డు చేసిన గొంతు పాత సామాన్లు కొంటామని రోజూ అరుస్తూనే ఉంది కదా అనవచ్చు. నిజమే. కానీ ఆ ఆటో ఏం తీసుకోదో గమనించాలి. ఇనుము, రాగి తీగ, ఇన్వర్టర్ బ్యాటరీ, అట్టపెట్టెలు, న్యూస్‌పేపర్లు ఎక్కుతాయి. దూది పరుపు ఎక్కదు, స్పాంజి పరుపు అసలే ఎక్కదు. పార్టికల్ బోర్డు అల్మరా ఒకసారి నీళ్లు తగిలి ఉబ్బిందంటే వడ్రంగికి పనికిరాదు, పొయ్యికీ పనికిరాదు. మానిటరు లోపలి రాగి కోసం తీసుకుంటారు, మిగతాది ఏ ఖాళీ స్థలంలోనో పగులుతుంది. పాలిస్టర్ చీర ఉయ్యాలకు జారుతుంది, మసిగుడ్డగా తడి పీల్చదు. డీవీడీ ప్లేయరు, సెట్‌టాప్ బాక్సు, ఇయర్‌ఫోన్లు, జత తప్పిన ఛార్జర్లు... వీటికి తూకమూ లేదు, బేరమూ లేదు. సొరుగులో చుట్టలు చుట్టుకున్న ఛార్జర్లనే తీసుకుందాం. ఫోను మారినప్పుడల్లా పిన్ను మార్చింది ఇల్లాలు కాదు. యూరప్‌లో వాడకుండా పడి ఉన్నవీ పారేసినవీ కలిపి ఛార్జర్ల వల్లే ఏటా 11,000 టన్నుల వ్యర్థం తయారవుతోందని యూరోపియన్ కమిషన్ అంచనా వేసింది. ఇళ్లు సర్దుకోండని జనానికి పాఠాలు చెప్పే బదులు యూరోపియన్ యూనియన్ చట్టం చేసింది. 2024 డిసెంబరు 28 నుంచి అక్కడ మార్కెట్లోకి వచ్చే కొత్త ఫోన్లన్నిటికీ ఒకటే టైప్-సి పోర్టు. ఇంట్లో చిక్కుముడిని కార్ఖానాలో విప్పవచ్చనడానికి ఇంతకంటే తేటగా ఉదాహరణ దొరకదు.

కొనకుండా ఉంటే పోయేది కదా అన్నది తర్వాతి అభ్యంతరం. ఆన్‌లైన్ బజారు వచ్చాక అవసరం లేని కొనుగోళ్లు పెరిగిన మాట కాదనలేం. కానీ తెలుగు ఇంట్లో సామానులో పెద్ద భాగం కొన్నది కాదు, వచ్చింది. గృహప్రవేశానికి గోడగడియారాలు, పెళ్లికి డిన్నర్ సెట్లు, సీమంతానికీ ఓణీల ఫంక్షన్‌కూ వెళ్లినవాళ్లకు తిరుగు కానుకగా ప్లాస్టిక్ బుట్టలు, కుంకుమ భరిణెలు, పేర్లు అచ్చువేసిన స్టీలు డబ్బాలు. ఈ ప్రవాహంలో జాకెట్టు ముక్కది ప్రత్యేకమైన కథ. శ్రావణమాసంలో ఒక ఇంట్లో తాంబూలంతో అందుకున్న ముక్క, మడత విప్పకుండానే, ఇంకో ఇంటి వాయనంలోకి వెళుతుంది. అక్కడి నుంచి మరో పేరంటానికి. దాన్ని ఎవరూ కుట్టించుకోరని ఇచ్చేవారికీ తెలుసు, పుచ్చుకునేవారికీ తెలుసు. పెట్టుబడి చీరలదీ ఇంచుమించు ఇదే దారి. దీన్ని చూసి నవ్వేవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. ఇంత పొందిగ్గా సామానును చేతులు మార్చే ఏర్పాటు ఇంకోటి మన దగ్గర మిగల్లేదు. పేరు అచ్చువేసిన స్టీలు డబ్బాకు ఆ యోగం లేదు. ఫలానా వారి గృహప్రవేశ సందర్భంగా అని మూత మీద ఉన్నదాన్ని ఇంకొకరికి ఎలా పెడతారు? అది కదలదు, అటకెక్కుతుంది.

మనసు సంగతి పూర్తిగా కొట్టిపారేయలేం. డేనియల్ కానెమన్, రిచర్డ్ థేలర్ తదితరులు 1990లో ప్రచురించిన ప్రయోగం అర్థశాస్త్రంలో ప్రసిద్ధం. విద్యార్థుల్లో సగం మందికి కాఫీ కప్పులిచ్చారు. అమ్మమంటే వాళ్లు అడిగిన ధర, కప్పు లేనివాళ్లు ఇస్తామన్న ధరకు రెట్టింపు దాకా ఉంది. చేతికి వచ్చిన క్షణంలోనే వస్తువు విలువ పెరిగిపోతుందన్నమాట. ఇక దేన్నీ వదల్లేక, ఇంట్లో నడవడానికి చోటు లేనంతగా పోగేసుకునే వ్యాధి కూడా ఉంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో దాన్ని ప్రత్యేక రుగ్మతగా గుర్తించింది. వాళ్లకు కావలసింది వైద్యం, వెక్కిరింత కాదు. కానీ అది కొద్దిమంది సంగతి. మిగిలిన మనందరి అటకలకూ కాఫీ కప్పు ప్రయోగం చాలదు. సొంతమైనదాని మీద మమకారమే అసలు అడ్డంకి అయితే, పాత చీరను గంప ముందు వేయడానికి వెనకాడని ఇల్లాలు పాత మిక్సీ దగ్గర ఎందుకు ఆగిపోతుంది? చీర ఎక్కడికి వెళుతుందో ఆమెకు తెలుసు. మిక్సీ ఎక్కడికి వెళుతుందో ఎవరూ చెప్పరు. పిల్లలు అమెరికా వెళ్లి పదేళ్లయినా ఎంసెట్ గైడ్లు, ఇంటర్ రికార్డులు అలాగే ఉంచుకున్న విజయవాడ తల్లిదండ్రుల దగ్గర మమకారం ఉంది, సందేహం లేదు. పెళ్లిచీర, చనిపోయిన నాన్న కళ్లజోడు లాంటివి ఎవరికైనా ఉంటాయి, ఉండాలి కూడా. అవి ఒక పెట్టెలో పడతాయి. ఇల్లు నింపేవి అవి కావు.

ఇల్లు నింపేవాటిలో కాగితాలది వేరే లెక్క. పాత ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు, లింకు డాక్యుమెంట్లు, పహాణీ నకళ్లు, చెల్లని పాసుపుస్తకాలు రేకు పెట్టెలో ఏళ్ల తరబడి ఉంటాయి. వీటిని దాచడం తెలివితక్కువతనమనేవారు తెలంగాణ పల్లెకు వెళ్లి సాదా బైనామాల సంగతి అడగాలి. రిజిస్ట్రేషన్ ఖర్చు భరించలేకో, మాట మీద నమ్మకంతోనో తెల్లకాగితం మీద రాయించుకుని భూమి కొన్న చిన్నరైతులు లక్షల్లో ఉన్నారు. 2014 జూన్ 2కు ముందు జరిగిన ఆ కొనుగోళ్లను క్రమబద్ధీకరిస్తామని ప్రభుత్వం 2016లో, మళ్లీ 2020లో దరఖాస్తులు పిలిచినప్పుడు, మడతల దగ్గర చిరిగి పసుపురంగుకు తిరిగిన ఆ కాగితమే వాళ్లకు ఆధారమైంది. 2020లో భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. ఆంధ్రలో భూహక్కుల చట్టం వచ్చిన వేగంతోనే 2024లో రద్దయింది. రికార్డుల తీరు ఇన్నిసార్లు మారుతుంటే, ఏ అధికారి ఎప్పుడు ఏ నకలు అడుగుతాడో తెలియని మనిషి ఏ కాగితాన్నయినా ఏ ధైర్యంతో చించుతాడు? ఆ రేకు పెట్టె బరువులో సగం ప్రభుత్వానిదే.

లేనివాళ్లకు ఇచ్చేయవచ్చు కదా అన్న మాట వినడానికి బాగుంటుంది. ఆచరణలో దాని అర్థం చాలాసార్లు పనిమనిషికి అంటగట్టడం. ఆమె ఉండేది మనకంటే ఇరుకింట్లో. మనకు పనికిరాని మిక్సీ ఆమెకూ పనికిరాదు, కాదంటే అమ్మగారు ఏమనుకుంటారోనని తీసుకెళుతుంది. దానం పేరుతో చెత్త తరలించడం ఎంత దూరం పోతుందో 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో దేశమంతా చూసింది. పంపిన పాతబట్టలు కట్టలు కట్టలుగా రోడ్ల పక్కన పడి ఉన్నాయి. పాతబట్టల మీదే 1999 నుంచి పనిచేస్తూ 2015లో మెగసెసే పురస్కారం అందుకున్న అన్షు గుప్తా, ఆయన స్థాపించిన గూంజ్ సంస్థ అందుకే బట్టను ఉచితంగా పంచడానికి ఇష్టపడలేదు. ఊరివాళ్లు చెరువో దారో బాగుచేసుకుంటే ఆ పనికి ప్రతిఫలంగా బట్టలిచ్చే పద్ధతి పెట్టుకున్నారు. తీసుకునేవాడి అవసరాన్ని, మర్యాదను లెక్కలోకి తీసుకోని దానం సామానును ఒక అటక మీంచి ఇంకో అటక మీదికి మార్చడమే.

పారేస్తే ఏమవుతుందన్నదీ చూద్దాం. హైదరాబాద్ పారేసింది జవహర్‌నగర్ చేరుతుంది. అక్కడి బోరునీళ్లు, వాసన, రోగాల గురించి చుట్టుపక్కల కాలనీలవాళ్లు ఏళ్ల తరబడి కోర్టుల దాకా మొత్తుకుంటున్నారు. భోగిమంటలో వేద్దామంటే, పాత చాపలూ తట్టలూ చీపుళ్లూ కాలిన రోజుల్లో అది పండగ. ఇప్పుడు ప్లైవుడ్, రెగ్జిన్, టైర్లు వేస్తున్నారు. ఆ పొగ తెల్లవారేసరికి పక్కింటి పసివాడి ఊపిరితిత్తుల్లో ఉంటుంది. వస్తువును చేతిలో పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తోచక తిరిగి పైన పెట్టేసిన ఇల్లాలిది చేతకానితనం అనడానికి నాకు నోరు రాదు. పారేసి చేతులు దులుపుకున్నవాడి కంటే ఆమె బాధ్యతగా ప్రవర్తించినట్టే లెక్క.

కాబట్టి పట్టించుకోవలసింది బయటికి వెళ్లే దారిని. మచ్చుకు కొన్ని కనబడుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో గుంటూరు జిల్లా గ్రామాల్లో ప్రయోగంగా తిప్పిన స్వచ్ఛ రథం, పొడిచెత్త తీసుకుని బదులుగా కిరాణా సరుకులిస్తుంది. ఉల్లిపాయల బండిని ప్రభుత్వం మళ్లీ కనిపెట్టిందని నవ్వుకోవచ్చు. మంచి సంగతిని మళ్లీ కనిపెడితే తప్పేమీ లేదు. అమ్మిన కంపెనీయే ఈ-వ్యర్థాల బాధ్యత వహించాలన్న ప్రస్తుత నిబంధనలు 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్నాయి. కంపెనీలు రీసైక్లర్ల నుంచి ధ్రువపత్రాలు కొని లెక్క చూపుతున్నాయి. పాత ఫ్రిజ్ పెట్టుకున్న ఇంటి గుమ్మం దాకా మాత్రం ఆ బాధ్యత సాధారణంగా రాదు. కొత్తది దించిన వాహనమే ఏ కంపెనీదైనా పాతదాన్ని ఎక్కించుకుని తీరాలని ఒక్క వాక్యం చేరిస్తే చాలా అటకలు తేలికపడతాయి. చెత్త ఆటో తడిచెత్త, పొడిచెత్త రోజూ తీసుకుంటోంది. పరుపులకు, సోఫాలకు వార్డువారీగా ఒక తేదీ ప్రకటించడం మున్సిపాలిటీకి అసాధ్యమేమీ కాదు. అన్నిటికంటే సులువైనది, అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురైనది మందుల డబ్బా. గడువు తీరిన యాంటీబయాటిక్ మాత్రలు, సగం వాడిన దగ్గు సిరప్పులు ప్రతి ఇంట్లో ఉన్నాయి. సింకులో పోస్తే నీళ్లలోకి, చెత్తలో వేస్తే చెత్త ఏరుకునేవాళ్ల చేతుల్లోకి. కేరళ 2025లో కోళికోడ్‌లో వాటిని సేకరించే కార్యక్రమం మొదలుపెట్టింది. మన రెండు రాష్ట్రాల్లోనూ సందుకో మందుల షాపు ఉంది. అమ్మిన కౌంటరు పక్కనే తిరిగి తీసుకునే డబ్బా ఒకటి పెట్టించడానికి ఔషధ నియంత్రణ శాఖ నుంచి ఒక ఆదేశం, పోగైనదాన్ని ఆసుపత్రి వ్యర్థాలతో పాటు కాల్చే ఏర్పాటు ఉంటే సరిపోతుంది.