వెనక వరుస ప్రశ్న

పదిమంది ఒకే పుస్తకం చదివి కూర్చుని మాట్లాడుకుంటే దాన్ని ఇప్పుడు బుక్ క్లబ్ అంటున్నారు. వేములవాడకు పేరు కొత్త, పని కాదు. పంప కవి 941 ప్రాంతంలో కన్నడ భారతం రాసింది ఇక్కడి చాళుక్య రాజు రెండో అరికేసరి కొలువులోనే. నిన్నమొన్నటి దాకా గుడి మండపాల్లో ఒకరు పురాణం చదివితే ఇంకొకరు అర్థం చెప్పేవారు. వెనక కూర్చున్న ముసలమ్మ ‘ఆగు బిడ్డా, కర్ణుడు అట్లెందుకు జేసిండు?’ అని అడ్డం పడేది. ఆ అడ్డుప్రశ్నే ఇలాంటి కూటాలకు ప్రాణం. చాయ్, బిస్కెట్లు తర్వాతి సంగతి. ఒంటరిగా చదివితే మనకు నచ్చిందే కళ్లకు ఆనుతుంది. అందుకే మన ఊళ్లోనూ ఒక బుక్ క్లబ్ పెట్టుకోవాలి. పక్కనున్న హనుమాజీపేటలో పుట్టిన సినారె ‘విశ్వంభర’కు 1988 జ్ఞానపీఠం దక్కింది. తొలి పుస్తకంగా దాన్నే పెట్టుకోండి. గ్రంథాలయంవారు ఆదివారం ఒక గంట, ఒక బల్ల ఇప్పిస్తే చాలు.