గాలిలో గట్టు తగాదా

పొలం గట్టు జరిగితే సర్వేయరు గొలుసు తీసుకుని వచ్చి హద్దు తేలుస్తాడు. రేడియో స్టేషన్ల మధ్య హద్దు జరిగితే తేల్చేదెవరు? ఈ ప్రాంతానికి కొత్త ఎఫ్.ఎం. స్టేషన్లు మంజూరైన నేపథ్యంలో ప్రభుత్వం ఈ ప్రశ్నకు ముందుగానే సమాధానం చెప్పడం అవసరం.

దేశంలో 234 కొత్త పట్టణాలకు 730 ప్రైవేటు ఎఫ్.ఎం. ఛానళ్లను వేలం ద్వారా ఇవ్వడానికి 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. ఇందులో ఆంధ్రప్రదేశ్ వాటా 22 పట్టణాలు, 68 ఛానళ్లు. నరసరావుపేట, చిలకలూరిపేట, చీరాల, ఒంగోలు ఈ జాబితాలో ఉన్నాయి. అంతకుముందు 2023 ఏప్రిల్ 28న ఆకాశవాణి దేశంలో 91 చోట్ల 100 వాట్ల చిన్న ఎఫ్.ఎం. ట్రాన్స్‌మిటర్లను ఒకేసారి ప్రారంభించింది. మన యాసలో, మన ఊరి సంగతులు చెప్పే స్టేషన్లు రావడం సంతోషమే.

అయితే ఎఫ్.ఎం.కు ఉన్న చోటు 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ వరకే. ఒక ఊరికిచ్చిన నంబరునే మరో ఊరికీ ఇవ్వక తప్పదు. విజయవాడ, హైదరాబాద్, చెన్నై మూడింటిలోనూ 98.3 మీద ప్రైవేటు స్టేషన్లున్నాయి. వందల కిలోమీటర్ల ఎడం ఉన్నందువల్ల మామూలు రోజుల్లో పేచీ రాదు. గుంటూరు, చిలకలూరిపేట, నరసరావుపేటల మధ్య అంత ఎడం లేదు. కొండవీటి కొండలు కొంత అడ్డుపడినా మిగిలిన నేలంతా చదును. పైగా వేసవిలో గాలి కదలని వేకువజామున ఎఫ్.ఎం. తరంగాలు తీరం వెంట తమ పరిధి దాటి చాలా దూరం పోతాయి.

మీడియం వేవ్‌లో రెండు స్టేషన్లు ఢీకొంటే రెండూ కలగాపులగంగా వినిపిస్తాయి. ఎఫ్.ఎం.లో అలా కాదు. ఒకే నంబరు మీద బలమైనది నిలుస్తుంది, బలహీనమైనది పూర్తిగా మాయమవుతుంది. స్టేషను మూతపడిందనుకుని శ్రోత ఊరుకుంటాడు. నంబర్లు పక్కపక్కనే ఉన్నప్పుడు పెద్ద టవరు దగ్గర చవక సెట్లు చిన్న స్టేషనును పట్టలేవు. అందువల్ల ఒక స్టేషను శక్తి పెంచితే దాని ప్రభావం పొరుగు స్టేషన్ల మీద కూడా పడుతుంది.

గుంటూరు వాసులు ఎఫ్.ఎం. వినేది ముప్పై కిలోమీటర్లకు పైబడిన విజయవాడ నుంచి. బ్రాడీపేట లైన్లలో, అడ్డరోడ్లలో ఎత్తయిన భవనాల నడుమకు వచ్చేసరికే అది నీరసిస్తుంది. మీడియం వేవ్‌కు మారితే ఛార్జర్ల, ఎల్.ఇ.డి. దీపాల రొద. ఇంత బలహీనంగా అందే ప్రసారమే ముందుగా అణగిపోతుంది.

ఇది సినిమా పాటలతో పోయే విషయం కాదు. తుఫానుకు కరెంటు పోయి, సెల్ టవర్లు మూగబోయిన వేళ బ్యాటరీ రేడియోయే దిక్కు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసిన తీరానికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. కల్లంలో మిర్చి ఆరబోసిన రైతుకు వాన కబురు ఒక పూట ముందు అందడం ముఖ్యం. ప్రైవేటు ఎఫ్.ఎం.లకు సొంత వార్తలు ప్రసారం చేసే అనుమతి లేదు. 1948 నుంచి ఈ ప్రాంతానికి వార్తలు, వ్యవసాయ సలహాలు అందిస్తున్న ఆకాశవాణి విజయవాడ కేంద్రం వినబడకుండా పోతే ఆ లోటు తీరేది కాదు.

అమెరికాలో ట్రాన్స్‌లేటర్లనే చిన్న రిలే స్టేషన్లు పెరిగి ఇటువంటి తగాదాలే వచ్చాయి. అక్కడి కమిషన్ 2019లో ఒక పద్ధతి పెట్టింది. జనాభాను బట్టి 6 నుంచి 25 మంది శ్రోతలు ఫిర్యాదు చేస్తే, ఆటంకం రుజువైతే, రిలే స్టేషను వేరే నంబరుకు మారడమో మరోలా సరిదిద్దుకోవడమో చేయాలి. లేకుంటే ప్రసారం ఆపాలి.

మనకూ ఇటువంటి ఏర్పాటు కావాలి. కొత్త టవరు పని మొదలుపెట్టే ముందు, పెట్టిన తరువాత కూడా, టెలికాం శాఖ వైర్‌లెస్ విభాగం గుంటూరు పేటల్లోనూ చుట్టుపక్కల గ్రామాల్లోనూ సిగ్నల్ కొలిచి ఆ లెక్కలు ప్రకటించాలి. శ్రోతల ఫిర్యాదులను కలెక్టరు కార్యాలయంలో తెలుగులోనే స్వీకరించి, గడువు పెట్టి పరిష్కరించాలి. వేలం సొమ్ము ఖజానాకు చేరాక హద్దులు వెతుక్కోవడం కంటే, ముందే హద్దురాళ్లు పాతడం మేలు.