కల్లం పోయింది, కళాకారుడి వంతు ఎవరివ్వాలి?

ఒగ్గు కథకైనా, చిందు యక్షగానానికైనా మన ఊళ్లలో మొన్నమొన్నటిదాకా పెట్టుబడి పెట్టింది రైతు కల్లమే. పంట ఇంటికొచ్చే రోజుల్లో చిందోళ్లు తమ మిరాశి ఊళ్లకు వచ్చేవారు. రాత్రంతా ఆట ఆడి, పొద్దున్నే ఇంటింటికీ తిరిగి వడ్లో జొన్నలో కొలిపించుకుని పోయేవారు. ఒగ్గు చెప్పేవాడికి, డప్పు కొట్టేవాడికి, పటం విప్పి కథ చెప్పేవాడికి ఇంత వంతు అని ఉండేది. కాగితం మీద లేకున్నా ఆ లెక్క తప్పేది కాదు.

ఇప్పుడు కల్లమే లేదు. హార్వెస్టర్ మడిలోనే గింజ రాల్చి ట్రాక్టర్ డబ్బాలో పోస్తుంది. వడ్లు ఐకేపీ సెంటరుకు, పైసలు బ్యాంకు ఖాతాకు. మధ్యలో చేట పట్టుకుని నిలబడడానికి ఎవరికీ జాగ లేదు. ఆ మిరాశి మళ్లీ రావాలని నేను అనను. దాని వెనక కులం కట్టుబాటు ఉంది, చేయి చాపాల్సిన అవమానం ఉంది. అయితే ఆ వంతు పోయాక దాని స్థానంలో ఏం వచ్చిందని అడిగితే మాత్రం ఎవరి దగ్గరా జవాబు లేదు.

మన బొగ్గు ప్రాంతంలో ఇంకో దెబ్బ ఉంది. ఓపెన్ కాస్ట్ వస్తే ఊరికి ఊరే లేచిపోతుంది. పొలానికి, ఇంటికి, బావికి, చెట్టుకు లెక్క కడతారు. ఊరంతా కూర్చుని కథ విన్న జాగకు ఎవరు లెక్క కట్టారు? చట్టంలో దీనికి కొంత జవాబు ఉంది, చాలామందికి తెలియదు. 2013 భూసేకరణ చట్టం మూడో షెడ్యూలు ప్రకారం పునరావాస కాలనీలో ప్రతి 100 కుటుంబాలకు ఒక సామూహిక భవనం ఉండాలి. ప్రతి 50 కుటుంబాలకు గుడి జాగ, పదిమంది కూడేందుకు చెట్టు కింద గద్దె ఉండాలి. ఆదివాసుల సంప్రదాయ సంస్థలకు వేరుగా భూమి చూపాలి. బొగ్గు భూముల చట్టం కింద తీసుకున్న ఊళ్లకు కూడా 2015 నుంచి ఈ పునరావాస నిబంధనలు వర్తిస్తాయి. మీకు దగ్గరున్న కాలనీకి ఒకసారి పోయి గద్దెలు లెక్కపెట్టి రండి.

సర్కారు ఏమీ చేయలేదని కాదు. తెలంగాణ వచ్చాక సాంస్కృతిక సారథి పెట్టి 550 మంది కళాకారులకు ఉద్యోగాలు ఇచ్చారు. వాళ్ల ఇళ్లలో పొయ్యి వెలిగింది, సంతోషం. కానీ వాళ్ల పని ప్రభుత్వ పథకాలను పాటలో, ఆటలో ప్రచారం చేయడం. యూరియా కోసం లైన్లో చెప్పులు పెట్టిన రైతు మీద జీతానికి పాడే కళాకారుడు పాట కడతాడా? ఇక పద్మశ్రీలు. మార్లవాయి గుస్సాడీ కనకరాజుకు 2021లో, చిందు యక్షగానానికి గడ్డం సమ్మయ్యకు 2024లో వచ్చాయి. మనందరికీ గర్వమే. అదే 2024లో, రెండేళ్ల కింద పద్మశ్రీ అందుకున్న కిన్నెర మొగులయ్య హైదరాబాద్ శివారులో కూలి పని చేస్తున్న వార్త కూడా పత్రికల్లో చదివాం. బిరుదు ఒక్కరికి వస్తుంది. పక్కన తాళం వేసేవాడికి, వంత పాడేవాడికి, నేర్చుకోవాల్సిన పిల్లవాడికి అందులో ఏముంది?

నాకు నచ్చిన పద్ధతి మన జిల్లా చుట్టుపక్కలే కనబడింది. దీపావళికి ముందు గోండులు దండేపల్లి మండలం గుడిరేవుకు వచ్చి గోదావరి ఒడ్డున పద్మల్‌పురి కాకో దగ్గర మొక్కుతారు. గుస్సాడీలు నెమలి ఈకల టోపీలు పెట్టుకుని దిగితే ఆ రేవు చూడాల్సిందే. కొన్నేళ్ల కింద ప్రభుత్వం ఈ దండారీల కోసం గూడేలకు ఆర్థిక సాయం మొదలుపెట్టింది. అది ఎంత, ఏ ఏడు వచ్చింది, ఏ ఏడు ఆలస్యమైంది అన్నది వేరే పంచాయితీ. సాయం ఊరి పేరున రావడమే అసలు సంగతి. ఎట్లా ఆడాలో, ఎవరు ఆడాలో గూడెం పెద్దలే చూసుకుంటారు.

మరి మిగతా ఊళ్లకు ఎందుకు లేదు? పంచాయతీలకు ఆ అధికారం లేదని కార్యదర్శులు అంటే నమ్మకండి. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు రాసిన 29 అంశాల్లో 21వది సాంస్కృతిక కార్యక్రమాలు, 22వది సంతలు, జాతరలు. 15వ ఆర్థిక సంఘం 2021-26 నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికి కట్టిపడేసింది. మిగిలిన 40 శాతం జీతాలకు, ఆఫీసు ఖర్చులకు తప్ప ఈ 29 అంశాల్లో ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చని చెప్పింది. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు ఎప్పటి నుంచో కడుతున్నాం. పుస్తకానికి సెస్సు ఉన్నప్పుడు, పుస్తకం ఎక్కని కథకు పద్దు ఎందుకు ఉండకూడదు? 2018 పంచాయతీరాజ్ చట్టం పచ్చదనానికి బడ్జెట్‌లో 10 శాతం పక్కన పెట్టమంది. మనం అడిగేది ఒక్క శాతమే. ఏడాదికి పది లక్షల ఖర్చున్న ఊళ్లో అది పదివేలు. ఒక ఒగ్గు బృందానికి ఒక రాత్రి కూలి, బండి కిరాయి.

తడిసిన వడ్లు కొనే దిక్కులేని రోజుల్లో పాటల గురించి మాట్లాడతావేందని కొందరు మిత్రులు అంటారు. సరైన ప్రశ్నే. వడ్ల కొట్లాటకు జనాన్ని కూడగట్టింది ఏమిటో గుర్తుచేసుకోండి. 2011 సకల జనుల సమ్మెలో బొగ్గుబాయిలు ఆగినప్పుడు టెంటు కింద రోజుల తరబడి మనుషుల్ని కూర్చోబెట్టింది ఉపన్యాసాలు ఒక్కటే కాదు, పాట కూడా. 'ఊరు మనదిరా' రాసిన గూడ అంజయ్య ఈ దండేపల్లి మండలం లింగాపూర్ బిడ్డే. అలాంటి పాట పుట్టాలంటే చిన్నప్పుడు ఊళ్లో డప్పు, కథ చెవిన పడాలి. ఇవాళ మన పిల్లలకు వినాయక నిమజ్జనం డీజే తప్ప ఏం వినబడుతోంది? ఆ డీజేకు చందా మాత్రం ప్రతి ఇంటా వసూలవుతుంది.

కొత్త పద్దు పెడితే దాన్ని మింగేవాళ్లూ ఉంటారు. సర్పంచ్ బొమ్మ ఉన్న ఫ్లెక్సీలకు, పట్నం ఆర్కెస్ట్రాకు పోతే మనకు ఒరిగేది లేదు. కాబట్టి తీర్మానంలోనే రాయించాలి. మొదటి హక్కు ఆ ఊరి, ఆ మండలం కళాకారులది. శాలువా బదులు కూలి, అది కూడా బృందంలో ప్రతి ఒక్కరి ఖాతాకు. ఏం పాడాలో పంచాయతీ చెప్పకూడదు. మన సంఘం సభల్లోనూ ఇదే లెక్క పెట్టుకుందాం.

ఇంకో దారి జిల్లా ఖనిజ నిధి. 2015కు ముందు ఇచ్చిన గనుల లీజుల మీద రాయల్టీలో 30 శాతం అందులో జమ కావాలి. దాని మార్గదర్శకాల్లో వృద్ధుల సంక్షేమం ఉంది, నైపుణ్య శిక్షణ ఉంది. గనుల ప్రభావిత ఊళ్లలో ముసలి కళాకారుడు పదిమంది పిల్లలకు ఒగ్గు డోలు నేర్పితే ఈ రెండింటి కిందికీ వస్తుందని నా వాదన. కలెక్టర్ కాదంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వమందాం.

చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. వచ్చే సభకు పోయే ముందు మీ ఊళ్లో ఇంకా వాయిద్యం పట్టగలిగినవాళ్లు ఎందరో, వాళ్ల వయసెంతో ఒక కాగితం మీద రాసుకోండి. వృద్ధ కళాకారుల పింఛను 3,016 రూపాయలు వాళ్లలో ఎవరికి వస్తోంది, ఎవరికి రావడం లేదన్నదీ రాయండి. ఆ జాబితా మండల కమిటీకి చేరితే మిగతా కాగితాలు మేం తయారుచేస్తాం.