అరశాతం దూరంలో ఆగిన విద్యార్థి: ఒక అధికారి విచారం

వేదాంత ప్రకరణ గ్రంథాల ఆరంభంలో అనుబంధ చతుష్టయం అనే నియమం కనిపిస్తుంది. అధికారి, విషయం, సంబంధం, ప్రయోజనం అనే నాలుగింటినీ నిరూపించిన తరువాతనే శాస్త్రకారుడు ముందుకు సాగుతాడు. వీటిలో మొదటిది అధికారి నిరూపణం. ఈ విద్య ఎవరికి, దానిని స్వీకరించే యోగ్యత ఎవరిలో ఉన్నది అనే ప్రశ్నకు అది సమాధానం. కనుక ప్రవేశార్హత అనేది ఆధునిక విశ్వవిద్యాలయాలు కొత్తగా కల్పించినది కాదు. మన సంప్రదాయానికి అది చిరపరిచితమైన భావనే.

అయినా ఫలితాలు వెలువడిన రోజున ఒక విద్యార్థి అర్హతాంకానికి అరశాతం దూరంలో ఆగిపోతే, చుట్టూ ఉన్న ఆస్తికులమైన మన మాటలలో ఆ సంప్రదాయ వివేకం కానరాదు. ఒకరు "నీ ప్రారబ్ధం" అంటారు. మరొకరు "ఫలాన్ని ఆశించడమే తప్పు" అంటారు. ఇంకొకరు "ఇదంతా మిథ్య, దుఃఖించకు" అంటారు. మూడూ శాస్త్రం నుండి వచ్చిన పదాలే. అయినా అస్థానంలో పలికిన శాస్త్రవాక్యం ఔషధం కాదు, అపథ్యం. ఈ మూడింటినీ వాటి వాటి స్థానాలలో నిలిపి చూడడమే ఈ వ్యాస ప్రయోజనం.

ముందుగా విషయాన్ని స్పష్టంగా చూద్దాం. విశ్వవిద్యాలయాలలో సహాయాచార్యుడు కావడానికి వ్రాసే యూజీసీ నెట్ పరీక్షకు స్నాతకోత్తర విద్యలో సాధారణ వర్గానికి 55 శాతం, వెనుకబడిన తరగతులు, షెడ్యూల్డు కులాలు, తెగలు, దివ్యాంగులు మొదలైన వర్గాలకు 50 శాతం మార్కులు కావాలి. దశాంశాలను పై అంకెకు సవరించే అవకాశం లేదు. 54.9 అంటే 54.9 మాత్రమే. చివరి సంవత్సరం చదువుతున్నవారు కూడా నెట్ వ్రాయవచ్చు. అయితే నెట్ ఫలితం వచ్చిన రెండు సంవత్సరాలలోగా నిర్ణీత శాతంతో స్నాతకోత్తర పట్టా పూర్తిచేయాలి. దీనివలన ఒక విచిత్రమైన దుఃఖం సంభవిస్తుంది. దేశవ్యాప్తంగా జరిగే కఠిన పరీక్షలో నెగ్గిన అభ్యర్థి, తన విశ్వవిద్యాలయపు చివరి సెమిస్టరులో ఒక పేపరు దెబ్బతీయగా 54.6 దగ్గర నిలిచిపోతాడు. ఇంటర్మీడియట్ స్థాయిలోనూ ఇటువంటిదే ఉన్నది. జేఈఈలో మంచి ర్యాంకు వచ్చినా, పన్నెండవ తరగతిలో 75 శాతమో, తన బోర్డులో పై 20 పర్సంటైలులో స్థానమో లేకపోతే సాధారణ వర్గపు విద్యార్థికి ఐఐటీ, ఎన్ఐటీ ద్వారాలు తెరుచుకోవు.

ఇటువంటి స్థితిలో ఉన్న విద్యార్థి మనస్సు ఒక తప్పుడు అనుమానం చేస్తుంది. "నాకు 55 రాలేదు, కనుక నేను పనికిరానివాడిని" అంటుంది. ఇక్కడ మన ప్రమాణశాస్త్రం సహాయానికి వస్తుంది. ప్రతి ప్రమాణానికీ ఒక విషయ పరిధి ఉన్నది. నేత్రం రూపాన్ని గ్రహిస్తుంది, శబ్దాన్ని గ్రహించదు. నేత్రానికి వినబడలేదు కాబట్టి శబ్దం లేదని ఎవరూ సిద్ధాంతీకరించరు. మార్కుల పట్టిక కూడా ప్రమాణమే, దానిని నిరాకరించవలసిన పని లేదు. కాని దాని విషయం పరిమితం. ఫలానా రోజున, మూడు గంటలలో, ఇచ్చిన ప్రశ్నలకు వ్రాసిన సమాధానాలు ఒక పరీక్షకుని దృష్టిలో ఎంతకు తూగాయో అది చెబుతుంది. అంతవరకే. వ్యక్తి యొక్క బుద్ధిని గురించి గాని, శీలాన్ని గురించి గాని, భవిష్యత్తును గురించి గాని అది మౌనంగా ఉంటుంది. ఆ మౌనాన్ని తీర్పుగా వినడమే మనం చేస్తున్న భ్రమ.

హద్దురేఖ స్వభావం కూడా గ్రహించదగినది. ఎక్కడో ఒకచోట గీత గీయకపోతే వ్యవస్థ నడవదు. ఆ గీతకు ఇటు 54.9, అటు 55.0 ఉన్న ఇద్దరి మధ్య జ్ఞానంలో భేదం లేదని గీత గీసినవారికీ తెలుసు. అది వ్యావహారిక సౌకర్యం, పారమార్థిక విభజన కాదు. నియమాన్ని గౌరవించాలి. దానికి లేని మహత్త్వాన్ని ఆరోపించకూడదు.

ఇక మొదటి మాట, ప్రారబ్ధం. భగవద్గీత పద్దెనిమిదవ అధ్యాయంలో ప్రతి కర్మ సిద్ధికీ ఐదు కారణాలు చెప్పబడ్డాయి. అధిష్ఠానం, కర్త, కరణం, చేష్ట, దైవం. దైవం ఐదవది అనే విషయం గమనించాలి. మొదటి నాలుగింటినీ విచారించకుండా నేరుగా ఐదవదానిపై భారం వేయడం భక్తి కాదు, ఆలస్యానికి భక్తి అనే పేరు పెట్టడం. మిగిలిన నాలుగింటినీ లెక్కచేయక సమస్త దోషాన్నీ కర్తపైనే మోపడం కూడా అంతే అశాస్త్రీయం. మన విద్యార్థి ఈ ఐదింటినీ ఒక కాగితంపై వ్రాసుకొని ప్రశాంతంగా విచారించవచ్చు. అధిష్ఠానమైన శరీరం పరీక్షాకాలంలో ఎలా ఉన్నది? నిద్ర, ఆహారం, ఆరోగ్యం సరిగా ఉన్నాయా? కర్తగా నా సంకల్పం ఈ విషయంపై నిజంగా నిలిచినదా, లేక ఇతరుల కోరికను మోస్తున్నానా? కరణాలు, అనగా పుస్తకాలు, ప్రయోగశాల, భాష, నాకు సమకూరాయా? తెలుగు మాధ్యమంలో చదివి ఆంగ్లంలో వ్రాయవలసి వచ్చినప్పుడు తెలిసిన విషయమే కలంలోకి రాకపోవచ్చు. అది కరణలోపం, బుద్ధిలోపం కాదు. చేష్ట ఎటువంటిది? చదివానా, లేక పాత ప్రశ్నపత్రాలకు సమయం పెట్టుకొని వ్రాసి చూశానా? ఈ నాలుగూ ముగిసిన తరువాత మిగిలినదే దైవం. దానికి నమస్కరించి విడిచిపెట్టవచ్చు. ఈ విచారం వలన ఆత్మనింద తగ్గి, రేపు చేయవలసిన పని కనిపిస్తుంది.

రెండవ మాట, నిష్కామ కర్మ. కర్మయందే అధికారం, ఫలమందు కాదు అన్న గీతోపదేశాన్ని మనం తరచుగా సగంలో ఆపేస్తాము. అదే ఉపదేశం చివర అకర్మపై ఆసక్తి కూడదనే హెచ్చరిక కూడా ఉన్నది. ఫలం మన చేతిలో లేదు అన్నది నిజమే. అయితే చేతులు ముడుచుకొని కూర్చోవడాన్ని గీత ఏనాడూ సమర్థించలేదు. ఫలితం వచ్చిన మరుసటి రోజున కూడా చేయవలసిన కర్మ చాలా ఉన్నది. రీకౌంటింగులో మార్కుల కూడికను మాత్రమే సరిచూస్తారు. రీవాల్యుయేషనులో జవాబుపత్రాన్ని మళ్ళీ దిద్దుతారు. రెండింటికీ గడువు స్వల్పం, రుసుము వేరు. దుఃఖంలో ఆ గడువు దాటిపోవడమే ఎక్కువమందికి జరిగే రెండవ నష్టం. మూల్యాంకనం చేసిన తన జవాబుపత్రాన్ని సమాచార హక్కు చట్టం ద్వారా చూసే హక్కు విద్యార్థికి ఉన్నదని 2011లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. తన విశ్వవిద్యాలయ నిబంధనలలో ఇంప్రూవ్‌మెంట్ పరీక్ష ఉన్నదా, సీజీపీఏను శాతంగా మార్చే సూత్రం ఏది అని కార్యాలయంలో అడిగి, వ్రాతపూర్వకంగా తెలుసుకోవాలి. నెట్ నెగ్గినవారికి రెండు సంవత్సరాల గడువు ఉన్నది కనుక, ఇంప్రూవ్‌మెంట్ అవకాశం ఉంటే తలుపు ఇంకా పూర్తిగా మూసుకోలేదు. ఇవన్నీ చేసిన తరువాత వచ్చేదానిని ప్రసాదబుద్ధితో స్వీకరించడమే నిష్కామత. చేయకముందే "అంతా ఆయన ఇచ్ఛ" అనడం కర్మత్యాగం మాత్రమే.

ఇక్కడ ఒక ప్రలోభం ఎదురవుతుంది. 54.6ను దరఖాస్తులో 55గా నమోదు చేద్దామని మనస్సు సూచిస్తుంది. పట్టికను "సరిచేయిస్తామని" చెప్పే దళారులూ తారసపడతారు. ఈ సందర్భంలో ఛాందోగ్యంలోని సత్యకామ జాబాలుడు స్మరణీయుడు. గురువు అడిగిన ప్రవేశ ప్రశ్న గోత్రం. బాలునికి అది తెలియదు. తెలియదనే చెప్పాడు, తల్లి చెప్పిన మాటను దాచకుండా విన్నవించాడు. గౌతముడు ఆ సత్యాన్నే యోగ్యతగా గుర్తించి స్వీకరించాడు. ఈ కథ నుండి "మనకూ ఎవరో ఒకరు మినహాయింపు ఇస్తారు" అనే ఆశను గ్రహించకూడదు. నేటి దరఖాస్తును పరిశీలించేది గౌతముడు కాదు, యంత్రం. గ్రహించవలసినది వేరు. సత్యకామునికి ప్రవేశం తరువాత లభించినది వెంటనే ఉపదేశం కాదు, నాలుగు వందల బక్కచిక్కిన గోవులు. అవి వేయి అయ్యేవరకు అతడు అడవిలో ఉన్నాడు. అర్హత అనేది ద్వారం వద్ద చూపే పత్రం మాత్రమే కాదు, ద్వారం దాటిన తరువాత కూడా సాధించవలసిన సుదీర్ఘమైన పని. అసత్యంతో ప్రవేశించినవానికి ఆ గోవులను కాచే ఓర్పు ఉండదు.

మరి ఒక సంవత్సరం ఆగవలసి వస్తే? ప్రశ్నోపనిషత్తులో పిప్పలాదుని వద్దకు ఆరుగురు జిజ్ఞాసువులు సమిధలతో వచ్చారు. వారు సామాన్యులు కారు, బ్రహ్మనిష్ఠులు. అయినా మహర్షి వారిని మరొక సంవత్సరం తపస్సుతో, బ్రహ్మచర్యంతో, శ్రద్ధతో ఉండమన్నాడు. వారు దానిని అవమానంగా భావించలేదు. ఇంద్రుడు ప్రజాపతి వద్ద మొత్తం నూట ఒక్క సంవత్సరాలు ఉన్నాడని ఛాందోగ్యం చెబుతుంది. మన కుటుంబాలలో మాత్రం ఒక్క సంవత్సరం "పోయింది" అంటే వంశగౌరవమే పోయినట్లు కలవరపడతాము. ఆ కాలం పోయినదా, పక్వమైనదా అనేది దానిని గడిపిన తీరును బట్టి తేలుతుంది.

ఇటువంటి సమయాలలో శ్రీనివాస రామానుజన్ పేరు తప్పక వినబడుతుంది. ఆయన ఎఫ్.ఏ. పరీక్ష నెగ్గలేకపోయిన మాట, 1918లో రాయల్ సొసైటీ సభ్యుడైన మాట రెండూ నిజమే. అయినా ఆ ఉదాహరణను ఓదార్పుగా వాడడం నాకు సమ్మతం కాదు. తప్పినవారందరూ రామానుజన్‌లు కాజాలరు, కావలసిన అవసరమూ లేదు. ఆ పోలిక విద్యార్థి భుజంపై మరొక భారాన్ని పెడుతుంది. రేపు మహాపురుషుడైతేనే నేటి ఓటమి క్షమార్హం అనే భావం దానిలో దాగి ఉన్నది. సామాన్యమైన జీవితం, నిజాయితీగల ఉద్యోగం, తన చదువును ప్రేమించే మనస్సు, ఇవి కూడా ధర్మబద్ధమైన పురుషార్థాలే.

మూడవ మాట, మిథ్య. ఛాందోగ్యంలోనే నారదుడు సనత్కుమారుని వద్దకు వచ్చి, తాను నేర్చిన విద్యల దీర్ఘమైన పట్టికను వినిపించి, అయినా తాను శోకంలో ఉన్నానని చెప్పుకున్నాడు. సర్వవిద్యలలోనూ ఉత్తీర్ణుడైనవానికీ శోకం తప్పలేదు అన్నది మొదటి పాఠం. రెండవది మరింత ముఖ్యం. సనత్కుమారుడు "నీ శోకం అసత్యం" అని కొట్టివేయలేదు. నామం నుండి మొదలుపెట్టి, ఒక్కొక్క మెట్టుగా భూమతత్త్వం వరకు నడిపించాడు. దుఃఖిస్తున్న ఇరవై రెండేళ్ల బిడ్డకు పారమార్థిక సత్యాన్ని ఒక్క వాక్యంలో విసిరితే అది ఉపదేశం కాదు, మన అసౌకర్యం నుండి మనం తప్పించుకోవడం. వ్యావహారిక దుఃఖానికి ముందు వ్యావహారిక చికిత్స కావాలి. ఆ రోజున వేడి అన్నం, నిద్ర, ప్రశ్నలు వేయని సాన్నిధ్యం చాలు. పెదనాన్నగారి అబ్బాయి మార్కుల ప్రస్తావన వద్దు. చేసిన ఖర్చుల లెక్క అసలే వద్దు. బిడ్డ మాటలలో మరణ ప్రస్తావన వినబడితే ఒంటరిగా విడిచిపెట్టకూడదు, వెంటనే వైద్య సహాయం పొందాలి. కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ సేవ 14416 సంఖ్యపై తెలుగులోనూ ఉచితంగా పలుకుతుంది. వైద్యుని ఆశ్రయించడం విశ్వాసలోపం కాదు.

మనస్సు కుదుటపడిన తరువాత, అప్పుడు తత్త్వం చెప్పవచ్చు. జపాకుసుమం దగ్గర ఉంచిన స్ఫటికం ఎర్రగా కనిపిస్తుంది, స్ఫటికం ఎర్రబడదు. "తప్పినవాడు" అనేది పట్టిక అనే ఉపాధి వలన తోచిన వర్ణం. పుష్పాన్ని తొలగించే ప్రయత్నం చేయవచ్చు, అది కర్మ. పుష్పం ఉన్నప్పటికీ స్ఫటికం నిర్మలమేనని ఎరుగవచ్చు, అది జ్ఞానం. ఈ రెండింటికీ విరోధం లేదు.

గీత ఆరవ అధ్యాయంలో అర్జునుడు అడిగిన ప్రశ్న ఇటువంటి విద్యార్థి ప్రశ్నే. శ్రద్ధతో బయలుదేరి మధ్యలో జారినవాడు చెదరిన మేఘంలా ఉభయభ్రష్టుడై నశిస్తాడా అని అతడు అడిగాడు. మేలు చేసేవాడెవడూ దుర్గతి పాలుకాడని, పూర్వాభ్యాసం వ్యర్థం కాదని భగవానుని సమాధానం. అక్కడి ప్రసంగం యోగసాధన గురించే అయినా, చదువు విషయంలో కూడా ఇది ప్రత్యక్షంగా కనిపించే సత్యం. రెండు సంవత్సరాలు శ్రద్ధగా చదివిన విషయం 54.6 అనే అంకెతో బుద్ధి నుండి చెరిగిపోదు. పాఠశాలలో బోధించినా, ప్రయోగశాలలో పనిచేసినా, మళ్ళీ పరీక్ష వ్రాసినా ఆ అభ్యాసం వెంట వస్తుంది.

కనుక తలిదండ్రులకు నా విన్నపం ఇదే. ఈ ఫలితాల కాలంలో మీ ఇంటిలో శాస్త్రం పలకాలనుకుంటే, ప్రారబ్ధం అనే పదాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టి, శ్రద్ధ అనే పదాన్ని దగ్గర పెట్టుకోండి. విద్యార్థులకు చెప్పవలసినది ఇంతకన్న సులభం. ఈ రోజు భోజనం చేయండి, నిద్రించండి. రేపు రీవాల్యుయేషన్ గడువు ఎప్పుడో చూడండి.

శుభం భూయాత్.